మలుపు దగ్గర ఎవరూ లేరు

సైకిళ్ళు పదకొండే ఉన్నాయి. ఆండాళ్ మళ్ళీ ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది. కంచెకి ఆనించిన భీమశంకరం నల్ల సైకిలు ఒకటి, దాని పక్కన చాండ్లర్ నుంచి వచ్చినవాళ్ళవి నాలుగు, అల్ఫారెట్టా వాళ్ళవి మూడు, తమతోపాటు తమ ఊరు నోవై నుంచి వచ్చిన దంపతులవి రెండు, చివర్లో తనది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదకొండు పన్నెండు కాదని అరవై ఒక్కేళ్ళ మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు, అయినా చూపు కంచె చివరిదాకా వెళ్ళడం, అక్కడ ఖాళీ గడ్డి కనబడటం, మళ్ళీ మొదటికి రావడం, పావుగంట నుంచీ ఇదే పని. పన్నెండోది ఆయనది. తన మొగుడు నరసింహానిది. తన సైకిలు లాంటిదే, అదే కంపెనీ, అదే బూడిద రంగు, సీటు మాత్రం రెండంగుళాలు పైకి ఉంటుంది. ఆయన ఇంకా కొండ మీదే ఉన్నాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఎందుకు తప్పిపోయాడో మాత్రం ఈ గేటు దగ్గరున్నవాళ్ళల్లో ఇద్దరికి తెలుసు, ఆ ఇద్దరిలో ఒకరు తను, తను నోరు విప్పడం లేదు.

ఎవరో చేతిలో పెట్టిన కాగితం కప్పులో రసం చల్లారిపోయింది. భీమశంకరం భార్య థర్మాసులో తెచ్చింది. ఎత్తు మీద నీళ్ళు తొందరగా మరుగుతాయి, పప్పు మాత్రం ఉడకదు, అందుకని కింద హోటల్లోనే కాచి తెచ్చానని ఆవిడ చెబుతుంటే, తను ఇందాక నవ్వింది కూడా. నవ్వింది. పదకొండుంబావుకి ఈ గేటు దగ్గరికి వచ్చి, సైకిలు ఆనించి, ఒంటి మీది నారింజ రంగు వెస్టు పైన శాలువా కప్పుకుని, చేతి తొడుగులు విప్పుకుని, రెండు కప్పుల రసం తాగి, నవ్వుతూ ఇరవై నిమిషాలు గడిపింది. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆయనేరీ అనుకోలేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురం చేసిన మనిషి కళ్ళముందు లేకపోతే ఇరవై నిమిషాలపాటు ఏమీ వెలితిగా అనిపించలేదంటే, తను ఎలాంటి మనిషి. "నరసింహం గారు బాత్రూంలో ఉన్నారా?" అని భీమశంకరం మామూలుగానే అడిగాడు. అప్పుడు తను చుట్టూ చూసింది, శాలువా కింద తన ఒంటి మీద ఉన్న వెస్టు వైపు చూసుకుంది.

ఈ దారి మీద కార్లు తిరగవు, అందుకనే ఇంత దూరం వచ్చారు. పైన కనుమలో మంచు పూర్తిగా కరిగేదాకా, అంటే జూన్ చివరిదాకా, రెండువైపులా గేట్లు వేసి ఉంచుతారు. సైకిళ్ళు దూరడానికి మాత్రం పక్కన సందు వదిలేస్తారు. ఒకప్పుడు వెండి గనులకి రైలు నడిచిన దారట, పట్టాలు పీకేసి కంకర పోశారు. లావు టైర్ల సైకిలు మీద కూర్చుంటే కింద కంకర చప్పుడు, పక్కన ఏటి చప్పుడు, అంతే, హారన్లు లేవు, పొగ లేదు, వెనక నుంచి వచ్చి ఒరుసుకుపోయే ట్రక్కులు లేవు. భీమశంకరం ఏడాదికోసారి అమెరికాలో మూలమూలలా ఉన్న తెలుగువాళ్ళని పోగేసి ఇలాంటి చోటికి తీసుకొస్తాడు. చాండ్లర్లో చిప్పుల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు చేసినవాడు, ప్రతిదానికీ ఒక పద్ధతి పెట్టందే నిద్రపట్టదు ఆయనకి. కొండల్లో ఫోన్లు పనిచేయవు కాబట్టి, దారి చీలిన ప్రతిచోటా ఒక మనిషిని నిలబెడతాడు. ఆ మనిషి సైకిలు అడ్డంగా పెట్టి, వచ్చేవాళ్ళకి చెయ్యి చూపిస్తూ అక్కడే ఉండాలి. అందరికన్నా ఆఖర్న వచ్చేవాడికి నారింజ రంగు వెస్టు తొడుగుతారు. ఆ వెస్టు కనబడ్డాకే మలుపు దగ్గరి మనిషి కదలాలి, వాన పడనీ వడగళ్ళు పడనీ. మలుపు దగ్గర ఎవరూ లేరా, తిన్నగా వెళ్ళిపోవాలి. "అంతే, ఇంక బుర్ర వాడక్కర్లేదు," అన్నాడు పొద్దున్న, కనుమకి అవతలివైపు గేటు దగ్గర బయల్దేరేముందు, అందర్నీ చుట్టూ నిలబెట్టి. "కింది మలుపు దగ్గర మాత్రం జాగ్రత్త. తిన్నగా వెళ్తే చెక్క వంతెన ఉండేది. పోయినవారం వరదకి కొట్టుకుపోయింది. నిన్న నేనెళ్ళి చూసొచ్చాను. అక్కడ రేష్మ నిలబడి ఎడమవైపుకి తిప్పుద్ది."

ఆ వంతెన మాట తను విన్నది. ఆయన వినలేదు. పద్ధతి వరకూ విని, ఆయన అప్పటికే కారు వెనక గొంతుక్కూర్చుని తన సైకిలు బ్రేకు సరిచేస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు కార్ల బ్రేకులు పరీక్షించిన మనిషికి, పెళ్ళాం సైకిలు బ్రేకు కాస్త కీచుమంటే ప్రాణం నిలవదు. ఆయన లేచి చేతులు తుడుచుకున్నాక, వంతెన సంగతి తను చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే వంతెన ఎలా కట్టారు, చెక్కా ఇనుమా, దూలాలు ఎంత లావు అని అరగంట మొదలవుతుందని చెప్పలేదు. ఆఖర్న ఉండే పని ఆయనే అడిగి పుచ్చుకున్నాడు. "ఎలాగూ ఆండాళ్ వెనక నేనేగా," అన్నాడు. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. మూడేళ్ళ క్రితం, రిటైరయిన కొత్తల్లో, నోవై చుట్టుపక్కల దారుల మీద ఒక్కతే తొక్కడం మొదలుపెట్టినప్పుడు అది తన సొంతం. పొద్దున్న రెండు గంటలు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పద్నాలుగు నెలల క్రితం ఆయన రిటైరయ్యాడు, మర్నాడే వెళ్ళి అలాంటి సైకిలే కొనుక్కొచ్చాడు, ఆ మర్నాటి నుంచీ వెనక నుంచి గొంతు. గేరు మార్చు. రాయి ఉంది చూడు. ముందు బ్రేకు పట్టకు, వెనకది పట్టు. నీళ్ళు తాగావా. ఒక్కోసారి పళ్ళు నూరుకుంటూ తొక్కేది. ముందుకి చూసి నూరుకుంటే వెనకవాడికి కనబడదు కదా.

గేటు అవతల, పార్కింగు చివర, ఫారెస్టు రేంజర్ అమ్మాయి ట్రక్కు తలుపు తెరుచుకుని రేడియో దగ్గర నిలబడి ఉంది. జడ వేసుకున్న తెల్లమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. ఆమె తోటి రేంజర్, చాండ్లర్ నుంచి వచ్చిన నిశాంత్ ఇద్దరూ చిన్న బండి వేసుకుని పైకి వెళ్ళి ఎంతసేపయిందో. ఆండాళ్ గడియారం చూసింది. తొమ్మిది నిమిషాలు. ఇందాక చూసినప్పుడు ఎనిమిది. ఏరు హోరుమంటోంది. పొద్దున్న హోటలు పక్కన ఇదే ఏటి చప్పుడు ఎంత బాగుందో అనుకుంది, మంచు కరిగిన నీళ్ళు తెల్లగా, నురగగా దూకుతుంటే నిలబడి చూసింది. ఇప్పుడు ఆ చప్పుడు వినబడకుండా ఉంటే చాలు. ఆ నీళ్ళల్లో చెయ్యి పెడితే నిమిషానికి వేళ్ళు కొంకర్లు పోతాయని పొద్దున్న గుంపులోని కుర్రాళ్ళు పందెం వేసుకున్నారు. వద్దు, అటు ఆలోచించొద్దు. ఆయన అసలు అటు వెళ్ళి ఉండడు. టైరులో గాలి మళ్ళీ పోయి ఉంటుంది, పైనే కూర్చుని అతుకు వేసుకుంటూ ఉంటాడు, అతుకు వేసి, సరిగా అంటిందో లేదో నీళ్ళు పోసి బుడగలు చూసి, మళ్ళీ విప్పి, మళ్ళీ వేసి. ఆయన పద్ధతి అదే. కాసేపటికి వస్తాడు. వచ్చి, నా కోసం ఇంత గొడవ దేనికి అంటాడు. అనాలి.

పైన, కనుమ దగ్గర, గాలి చెంపల మీద కొట్టింది. ఇద్దరూ ఆఖర్న ఎక్కారు, మిగతావాళ్ళు అప్పటికే దిగిపోయారు. తను పల్చటి చొక్కాలో ఉంది. ఆయన తన ఒంటి మీది వెస్టు విప్పి, వద్దంటే వినకుండా, చంటిపిల్లకి తొడిగినట్టు తన చేతులు దూర్చి, జిప్పు గొంతుదాకా లాగాడు. "దిగేటప్పుడు చలి కొరికేస్తుంది. వేసుకో." తనకి ఒళ్ళు మండింది. వెచ్చగా కూడా ఉంది, దానికీ ఒళ్ళు మండింది. అప్పుడే ఆయన ముందు టైరు మెత్తబడిందని చూసి, పంపు తీసి, "నువ్వు పద. నేను వెనకే వస్తా. మెల్లగా దిగు, చేతులు బిగించకు," అన్నాడు. తను సైకిలెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా, ఆయన మొహం రావడం లేదు, పంపు మీద వంగిన బట్టతల, నెత్తిమీదికి నెట్టుకున్న కళ్ళజోడు, అంతే. ఆఖరిసారి చూడటం అదే అయితే. వద్దు.

ఆ తర్వాతి అయిదు మైళ్ళు. అది ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోగలిగేది కూడా కాదు. దారి మెల్లగా వంపులు తిరుగుతూ కిందికి దిగుతోంది, రెండువైపులా ఆస్పెన్ చెట్లు అప్పుడే చిగిర్చి లేత ఆకుపచ్చగా వణుకుతున్నాయి, నీడల్లో ఇంకా మంచు మురికి కుప్పలుగా పడి ఉంది, ఎదురుగా ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. తను ముందు బ్రేకే పట్టింది. కావాలనే పట్టింది. ఏమీ కాలేదు. ఒక చోట రెండు కాళ్ళూ చాపి, తొక్కకుండా, పిల్లలా జారుకుంటూ పోయింది, గొంతులోంచి ఏదో కూనిరాగం వచ్చింది. ఎన్నేళ్ళయిందో అంత సంతోషపడి. దేవుడా, ఇదీ బతుకంటే, అనుకుంది, ఆ మాటే అనుకుంది. వెనక నుంచి గొంతు వినబడకపోతే ప్రపంచం ఇంత బాగుంటుందా అనుకుంది. ఆ నిశ్శబ్దం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆయన లేకపోతే ఎలా ఉంటుందో తను అయిదు మైళ్ళపాటు రుచి చూసింది, బాగుందనుకుంది, ఇంకొంచెం కావాలనుకుంది.

"వెస్టు రాకుండా మలుపు వదిలేసి ఎట్టా వచ్చేశావమ్మా?" అని భీమశంకరం రేష్మని అడగడం ఇప్పటికి మూడోసారి. గట్టిగా అనడు ఆయన, మెత్తగానే అంటాడు, అదే గుచ్చుకుంటుంది. రేష్మ అల్ఫారెట్టాలో మందుల షాపులో ఫార్మసిస్టు, హనుమకొండ పిల్ల, ముప్ఫై దాటలేదు, ఈ గుంపులోకి రావడం ఇదే మొదలు. పార్కింగు రాళ్ళ మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని ఉంది. "నాదే తప్పంకుల్. నేను ఆగాల్సుండె," అంది. మొదటిసారి అడిగినప్పుడు మాత్రం "వెస్టు వచ్చింది అంకుల్, ఆంటీ..." అని మొదలుపెట్టి, ఆండాళ్ వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు. మీరు చెబుతారా, నేను చెప్పనా అని అడగడం ఉంది. ఆండాళ్ కప్పులోకి చూసింది. ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. పెద్దావిడ, మొగుడు కనబడక ఆదుర్దాలో ఉంది, ఆవిణ్ణి పట్టుకుని నలుగురిలో ఎలా అంటాం అనుకుని మింగేసింది. కడుపున పుట్టని పిల్ల, నిన్న సాయంత్రం పరిచయమైన పిల్ల, తన తప్పు నెత్తినేసుకుని కూర్చుంది. తను చూస్తూ కూర్చుంది. ఇంతకన్నా నీచం ఉంటుందా అని తనని తనే అడిగింది.

ఇరవై ఏడేళ్ళు ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసింది. సంచీ మీద పేరు, నంబరు, గ్రూపు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు వినాలి, ఇద్దరూ సంతకం పెట్టందే రక్తం బయటికి వెళ్ళదు. నేను చూశాలే, నువ్వు సంతకం పెట్టెయ్ అన్నవాళ్ళని తను ఎప్పుడూ నమ్మలేదు. ఒకసారి రాత్రి డ్యూటీలో పెద్ద డాక్టరు కేకలేసినా సరే, పక్క బల్ల మీది ఫిలిపీనో ఆవిడ వచ్చి చదివేదాకా సంచీ వదల్లేదు. డాక్టరు వెళ్ళిపోయాక ఆ ఆవిడ భుజం తట్టింది. ఇంటికొచ్చి ఆయనకి చెబితే, "కరెక్టే. సిస్టం అంటే అదే. మనం అలిసిపోయినప్పుడు కూడా పనిచేయాలి," అన్నాడు, ఎంతో గర్వంగా అన్నాడు, ఫోన్లో వాళ్ళ అన్నయ్యకి కూడా చెప్పాడు. అలాంటి తను ఇవాళ ఏం చేసింది.

నోవైలో మొదటి చలికాలం గుర్తొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. మూసేసిన బట్టల దుకాణం ముందు పెద్ద పార్కింగు, నిండా మంచు, ఆదివారం పొద్దున్న. తనకి డ్రైవింగు నేర్పడానికి తీసుకెళ్ళాడు. ముప్ఫై మైళ్ళ వేగం తెచ్చుకుని, ఒక్కసారిగా బ్రేకు తొక్కమన్నాడు. తొక్కితే కారు గిర్రున తిరిగింది, తను కెవ్వుమంది, ఏడ్చింది. మళ్ళీ తొక్కు అన్నాడు. మళ్ళీ తిరిగింది. ఇరవై సార్లు తొక్కించాడు. జారినప్పుడు ఏం చేయాలో చేతులకి తెలియాలి, బుర్రకి తెలిస్తే చాలదు అన్నాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కసాయివాడు అనుకుంది, అమ్మకి ఉత్తరంలో రాసింది కూడా. పన్నెండేళ్ళ తర్వాత హైవే మీద, వెనక సీట్లో కూతురు శ్రుతి నిద్రపోతుండగా, నల్లటి గాజులాంటి మంచు మీద కారు పక్కకి జారినప్పుడు తన చేతులు వాటంతటవే తిప్పాయి, కారు నిలబడింది. ఆ సంగతి ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆయన మాటే గెలిచినట్టవుతుందని చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాచుకుంది. ఇది కూడా దాచుకునే మాటేనా, ఎవరైనా వింటే నవ్వరూ. ఇవాళ వస్తే చెప్పేస్తాను. రాగానే చెప్పేస్తాను, కప్పు కింద పెట్టి, అందరి ముందూ చెప్పేస్తాను.

రేడియో గరగరమంది. అందరూ లేచారు. రేంజర్ అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని వింది, ఏవో రెండు మాటలంది, ఆండాళ్ వైపు నడిచొచ్చి, చాలా నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టు చెప్పింది. వంతెన దగ్గర బూడిద రంగు సైకిలు దొరికింది. ఒడ్డున పడి ఉంది. మనిషి లేడు. వాళ్ళు కిందికి దిగి వెతుకుతున్నారు. ఆండాళ్ తలూపింది. ఎందుకు ఊపిందో, ఏం అర్థమయిందని ఊపిందో. రేష్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భీమశంకరం కంచె పట్టుకుని అటు తిరిగిపోయాడు. ఆశ్చర్యమేమిటంటే తనకి ఏడుపు రాలేదు. చుట్టూ అన్నీ మరీ స్పష్టంగా కనబడుతున్నాయి, రేంజర్ బూటు లేసు ఒకటి ఊడి ఉంది, కంచె మీద ఎవరిదో తడి చేతితొడుగు ఆరేసి ఉంది, దాని బొటనవేలికి చిల్లు. బుర్ర చకచకా పనిచేయడం మొదలుపెట్టింది, అది ఎవరి బుర్రో తెలీనట్టు. షికాగోలో శ్రుతికి ఫోను చేయాలి, ఆఫీసులో ఉంటుంది, వాళ్ళాయనకి ముందు చెబితే మంచిది. ఇన్సూరెన్సు కాగితాలు మేడమీద నీలం పెట్టెలో ఉన్నాయి. డెన్వర్ నుంచి రేపటి టికెట్లు రెండు. గరాజులో ఆయన పనిముట్లన్నీ గోడకి వరసగా, ఏది ఎక్కడ వేలాడాలో పెన్సిలుతో గీతలు గీసుకుని, వాటినేం చేయాలి. పొద్దున్నే లేవాలి. లేచి, సైకిలు తీసుకుని, ఒక్కతే.

ఒక్కతే. ఆ మాట దగ్గర బుర్ర ఆగింది. ఆగి, ఒక్క క్షణం, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆండాళ్ అది చూసింది. పక్కవాళ్ళింట్లో కిటికీలోంచి ఎవరో కనబడితే చూసినట్టు చూసింది. ట్రక్కు దాకా నడిచి, దాని మెట్టు మీద కూలబడింది. ఛీ. ఛీ, నేనేనా. ఇలాంటిది నాలో ఎప్పటినుంచి ఉంది. మనిషి నీళ్ళల్లో కొట్టుకుపోయాడేమో తెలియకముందే, ఆయన లేని పొద్దుటిపూటకి సైకిలు తీసి పెట్టుకుంటున్నానా.

అసలు మలుపు దగ్గర జరిగింది కూడా అదే. రేష్మ పాపం సైకిలు అడ్డంగా పెట్టి, చెట్టుకి ఆనుకుని, చేతులు చంకల్లో దోపుకుని నిలబడి ఉంది. పెదాలు నల్లబడిపోయాయి. ముప్పావుగంట నుంచి ఉందట. "అంకుల్ ఏరి ఆంటీ?" అంది. "వెనకే వస్తున్నారమ్మా. నువ్వు పద, గడ్డకట్టుకుపోతావు," అంది తను. "వెస్టు వచ్చేదాకా ఉండమన్నరు కదాంటీ." అప్పుడు తను ఏమంది. తన గుండెల మీద చెయ్యి వేసుకుని, నారింజ రంగు గుడ్డ చూపించి, "వెస్టు వచ్చింది కదమ్మా, ఇదిగో. ఇంక నీ డ్యూటీ అయిపోయింది, పద," అని నవ్వింది. ఆ పిల్ల ఇంకా తటపటాయించింది. "అంకుల్‌కి తొవ్వ ఎర్కనేనా?" అంది. "ఆయనకి తెలియని దారులేమున్నాయి," అంది తను. అంతే. పిల్ల చలికి వణుకుతోందని జాలిపడ్డ మాట నిజమే. ఎవరైనా అడిగితే అదే చెప్పొచ్చు, అందరూ నమ్ముతారు, పెద్దమనసు అంటారు. కానీ ఆ పిల్ల అక్కడ నిలబడితే తనూ మర్యాదకి నిలబడాలి, నిలబడితే ఆయన వచ్చేస్తాడు, వచ్చేస్తే మిగిలిన మూడు మైళ్ళూ వెనక నుంచి గొంతు. ఆ మూడు మైళ్ళు తనకి కావాలి. దానికోసం మలుపు దగ్గరి మనిషిని పంపించేసింది. ఆయన వచ్చాడు. ఎవరూ లేరు. ఎవరూ లేకపోతే తిన్నగా వెళ్ళాలన్నారు. ఆయనకి పద్ధతంటే పద్ధతి.

రేడియో మళ్ళీ మోగింది. ఈసారి అందులోంచి నిశాంత్ అరుపు వినబడింది, ఏటి హోరులో ముక్కలు ముక్కలుగా, తెలుగులో ఎవరినో పిలుస్తున్నాడు. రేంజర్ అమ్మాయి మొహంలో రంగు మారింది. చెప్పడం మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా కాదు. మనిషి కనబడ్డాడు. బతికే ఉన్నాడు. వంతెన నుంచి కొంచెం దిగువన, నడుముల్లోతు నీళ్ళల్లో, రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను పడలేదు. దిగాడు. వంతెన ముందు అడ్డంగా కట్టిన నారింజ రంగు ప్లాస్టిక్ వల తెగి నీళ్ళల్లో పడి, రాళ్ళ మధ్య చిక్కుకుంది. దాన్ని లాగుతున్నాడు. గంట నుంచి ఒడ్డు వెంట పైకీ కిందికీ తిరుగుతూ, నీళ్ళల్లోకి దిగుతూ లేస్తూ ఉన్నట్టున్నాడు. కింద భార్య ఉందంటున్నాడు. ఒడ్డున ఎవరివో టైరు గుర్తులున్నాయి, అవి ఆమెవే అంటున్నాడు.

ఆ గుర్తులు నిన్నటివి, భీమశంకరంవి. భీమశంకరం తల పట్టుకున్నాడు.

తాడు విసిరాం, పట్టుకోవడం లేదు, అంది ఆ అమ్మాయి. నీ భార్య గేటు దగ్గర క్షేమంగా ఉందని చెప్పాం. మీ కుర్రాడు మీ భాషలో కూడా చెప్పాడు. మమ్మల్ని నమ్మడం లేదు. బయటికి రప్పించడానికి అబద్ధం చెబుతున్నామనుకుంటున్నాడు. ప్రవాహం జోరుగా ఉంది, మా వాడు దిగితే ఇద్దరూ పోతారు. ఇంకో అయిదు నిమిషాలు అలాగే ఉంటే అతని చేతులు రాయిని వదిలేస్తాయి. నువ్వు మాట్లాడాలి. ఇది నొక్కి మాట్లాడు, వదిలితే వినబడుతుంది.

నల్లటి డబ్బా చేతిలోకి వచ్చింది. బరువుగా ఉంది. అక్కడ ఆయన నడుముల్లోతు మంచునీళ్ళల్లో నిలబడి, తన ఒంటి మీదుందనుకున్న గుడ్డని పట్టి లాగుతున్నాడు. తను అయిదు మైళ్ళు కూనిరాగం తీస్తూ దిగిన సమయంలో కాదు, రసం తాగిన సమయంలో. తను నవ్విన సమయంలో. మెల్లగా దిగు అని చెప్పి పంపిన మనిషి, తను మెల్లగా దిగలేదని, ముందు బ్రేకు పట్టి పడిపోయిందని అనుకుని ఉంటాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఈత రాదు. ఈత రాదన్న సంగతి ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. బటన్ నొక్కింది.

"ఏవండీ," అంది. ఇలా పిలిస్తే ఎవరో ఆడమనిషి అనుకుంటాడు, నమ్మడు, నిజం చెప్పాలి, తనే అయితే తప్ప ఎవరూ చెప్పలేని నిజం. "నేనండీ, ఆండాళ్‌ని. నేను పడలేదు. మలుపు దగ్గర రేష్మ ఉండాల్సింది. ఆ అమ్మాయిని నేనే పంపించేశాను. వెస్టు చూపించి పంపించేశాను. మీరు వెనక లేకపోతే బాగుందనిపించి, మీరు రాకముందే వెళ్ళిపోవాలని పంపించేశాను. వింటున్నారా. తప్పు ఆ పిల్లది కాదు, నాది. మంచులో కారు ఇరవై సార్లు తిప్పించారే, దానివల్లే నేనూ శ్రుతీ బతికాం, అది కూడా మీకు చెప్పలేదు. ఆ నీళ్ళల్లో ఎవరూ లేరు. అది ప్లాస్టిక్ వల. వదిలెయ్యండి. వదిలేసి తాడు పట్టుకోండి. పట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను, పట్టుకోండి."

జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. ఏవండీ, ఏవండీ అంటూనే ఉంది. రేంజర్ అమ్మాయి వంగి, బటన్ మీద బిగుసుకుపోయిన ఆమె బొటనవేలిని మెల్లగా పైకెత్తింది.

అప్పుడు వినబడింది. ముందు ఏరు, తర్వాత మగవాళ్ళ అరుపులు, లాగు, లాగు, పట్టుకున్నాడు, వస్తున్నాడు. తర్వాత ఎవరో ఎగశ్వాస తీస్తూ రాళ్ళ మీద కూలబడ్డ చప్పుడు. నిశాంత్ "మాట్లాడండంకుల్, ఆంటీ లైన్లో ఉన్నారు" అనడం. ఆండాళ్ రెండు చేతులతో డబ్బాని చెవికి అదుముకుంది. రేష్మ వచ్చి పక్కన నిలబడింది, ఆమె కూడా అంతా వింది, అందరూ విన్నారు, ఆండాళ్ ఎవరి వైపూ చూడలేదు. చాలాసేపు పళ్ళు టకటకలాడే చప్పుడే వచ్చింది. తను చెప్పింది ఆయన ఎంత విన్నాడో, ఆ హోరులో అసలు విన్నాడో లేదో. ఆఖరికి ఆయన గొంతు వచ్చింది, ముసలివాడి గొంతు, ముక్కలైపోయి, ఎప్పుడూ వినని గొంతు.

"ఆండాళూ. బాగా తడిసిపోయావా?"

ఆమె బటన్ నొక్కింది.

"లేదండీ," అంది. "నా మీద ఒక్క చుక్క కూడా పడలేదు."